కుక్కపిల్లకి చిప్ వేయించే ముందు స్కానర్ అడగండి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో కుక్కలకి, పిల్లులకి వైద్యం చేసే చిన్న క్లినిక్ నడుపుతున్నాను. పెంపుడు కుక్కలకి మైక్రోచిప్ తప్పనిసరి అని 2025లో చెన్నై కార్పొరేషన్ పట్టుబట్టినప్పటి నుంచి మన ఊళ్ళల్లో కూడా చిప్ గురించి అడిగేవాళ్ళు బాగా పెరిగారు. చాలా సంతోషం. కానీ అడిగే తీరు చూస్తుంటే మాత్రం టెన్షన్‌గా ఉంది. "నెల పిల్లలు మేడమ్, నాలుగున్నాయి, ఇవాళే వేసేయండి, ఆదివారం పార్టీ వచ్చి తీసుకెళ్తారు" అని ఒకరు. "చిప్పు, సూది ఆన్‌లైన్లో తెప్పించాం, ఎక్కడ గుచ్చాలో ఫోన్లో చెప్తే చాలు" అని ఇంకొకరు. ఇలాంటి ఫోన్లు వచ్చినప్పుడల్లా చెప్పిందే చెప్పి, చివరికి మీ పత్రిక ద్వారా అందరికీ ఒకేసారి చెబుదామని రాస్తున్నాను. చిప్ మంచిదే, వేయించండి. కానీ ఎనిమిది వారాలు నిండని పిల్లకి వద్దు, డాక్టరు కాని వాళ్ళ చేత వద్దు, స్కానర్ లేని చోట అసలే వద్దు.

ముందు చిప్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే సగం గొడవ అక్కడే మొదలవుతోంది. బియ్యపు గింజంత గాజు గొట్టం అది. మామూలు సైజు 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం. లోపల సన్నని రాగి తీగ చుట్ట, ఒక నంబరు దాచుకున్న చిన్న ముక్క, అంతే. బ్యాటరీ లేదు, జీపీఎస్ లేదు. స్కానర్ దగ్గరికి తెచ్చినప్పుడు ఆ స్కానర్ పంపే తరంగాల నుంచే దానికి ఆ క్షణానికి సరిపడా కరెంటు అందుతుంది, తన 15 అంకెల నంబరు చెప్పేసి మళ్ళీ ఊరుకుంటుంది. కుక్క తప్పిపోతే ఫోన్లో మ్యాప్ మీద కనపడుతుందని చెప్పి చిప్ అమ్ముతున్నవాళ్ళు ఉన్నారు, అది అబద్ధం. మెడ పట్టీకి తగిలించే జీపీఎస్ వేరే వస్తువు, దానికి ఛార్జింగ్ పెట్టుకోవాలి. చిప్ నంబరుని మీ ఫోన్ చదవలేదు కూడా, కుక్కల చిప్‌లు 134.2 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, ఫోన్లలో ఉండే ఎన్ఎఫ్‌సీ 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. అందుకే స్కానర్ కావాలి, నేను పదే పదే స్కానర్ స్కానర్ అంటున్నది అందుకే.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణమైన పిల్ల సంగతి. ఒక కుటుంబం ఐదు వారాల పోమరేనియన్ పిల్లని తీసుకొచ్చారు. కొని అప్పటికి నాలుగైదు రోజులు కూడా కాలేదు. ఎడమ ముందు కాలు నేల మీద సరిగ్గా ఆనించడం లేదు, ఎత్తుకుంటే కేర్‌మంటోంది. మోచేతి పైన ఉబ్బి ఉంది, ముట్టుకుంటే వేడిగా ఉంది. టీకాల కార్డు మీద చిప్ స్టిక్కర్ అంటించి ఉంది, పిల్లని పెంచి అమ్మిన బ్రీడర్ "అన్నీ అయిపోయాయి, ఇక మీకు ఏ పనీ లేదు" అని చెప్పి ఇచ్చాడట. స్కానర్ తీసి రెండు జబ్బల మధ్య పెట్టి చూశాను, చప్పుడు లేదు. మెడ మీద, వీపు మీద, పక్కటెముకల మీద మెల్లగా జరుపుకుంటూ వస్తే సరిగ్గా ఆ ఉబ్బిన చోట బీప్ వచ్చింది. తెర మీద నంబరు చూసి కార్డు మీద స్టిక్కర్‌తో కలిపి చదివితే చివరి అంకెలు కలవలేదు. ఆ ఇంటావిడ ముఖం పాలిపోయింది. "ఇదేంటి మేడమ్, ఇది మా పిల్ల కాదా?" అంది.

పిల్ల వాళ్ళదే. తర్వాత ఫోన్ చేసి అడిగితే తెలిసింది ఏమిటంటే, అమ్మినవాళ్ళే ఇంట్లో బుట్టలో ఉన్న పిల్లలన్నిటికీ వరసగా చిప్‌లు గుచ్చేసి, స్టిక్కర్లు మాత్రం అన్నీ అయ్యాక కూర్చుని అంటించారు. ఏ పిల్లకి ఏ నంబరు పడిందో చూడటానికి వాళ్ళ దగ్గర స్కానర్ లేదు. అంటే ఈ పిల్ల నంబరు ఇంకో పిల్ల కార్డు మీద, ఆ పిల్లది ఇంకెవరి దగ్గరో. వాపుకి మందులు ఇచ్చాం, తగ్గింది, కాలు ఆనించింది. చిప్ మాత్రం ఆ మోచేతి దగ్గరే ఉండిపోయింది, అంత చిన్న పిల్లకి మత్తిచ్చి కోసి తీయడం కంటే ఉన్నచోటు కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టడమే మేలనిపించింది.

ఈ పిల్ల అదృష్టం బాగుంది, చిప్ జారింది కాలి వైపు. నెల, నెలన్నర పిల్లలకి జబ్బల మధ్య చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు, కండ పల్చన, వెన్నెముక వేలికి తగులుతూనే ఉంటుంది. చిప్ సూది మామూలు ఇంజెక్షన్ సూది కంటే చాలా లావు, ఎందుకంటే గొట్టం మొత్తం అందులోంచి వెళ్ళాలి. పిల్ల ఆ క్షణంలో ఒక్కసారి గింజుకుంటే, గుచ్చే చేతికి అలవాటు లేకపోతే సూది ఎంత లోతుకి పోతుందో చెప్పలేం. చిప్ వెన్నుపూసల మధ్యకి దిగి వెన్నుపాము దెబ్బతిన్న కేసులు చిన్న జాతి కుక్కల్లోనూ పిల్లుల్లోనూ పశువైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. చాలా అరుదు, కాదనను. కానీ కాళ్ళు పడిపోయిన పిల్లని చేతుల్లో పెట్టుకుని వచ్చే ఇంటివాళ్ళకి "అరుదు" అన్న మాట ఏం పనికొస్తుంది?

సరిగ్గా చేస్తే ఇది నిమిషం పని. మా దగ్గర ఎలా చేస్తామో రాస్తాను, మీరు ఎక్కడ వేయించినా ఇవే చూడండి. మొదట పిల్ల ఒంట్లో బాగుందో లేదో చూడాలి. విరేచనాలు, జ్వరం, నీరసం ఉంటే ఆ రోజు చిప్ లేదు, ఎంత బతిమాలినా లేదు. నులిపురుగుల మందు పడిందా, తూకం ఎంత, చర్మం మీద గజ్జి గానీ పుండు గానీ ఉందా అన్నది చూస్తాం. తర్వాత పిల్ల ఒళ్ళంతా ఒకసారి స్కాన్ చేస్తాం, ముందే ఎవరైనా చిప్ వేసి ఉండొచ్చు, కొన్నవాళ్ళకి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఆ తర్వాత ప్యాకెట్ విప్పకుండానే దాని మీద స్కానర్ పెట్టి చదువుతాం, తెర మీద నంబరు, స్టిక్కర్ మీద నంబరు ఒకటేనా అని ఇంటివాళ్ళ చేతే చదివిస్తాం. ప్యాకెట్‌లోనే పలకని చిప్ పిల్ల ఒంట్లోకి వెళ్ళాక ఎలాగూ పలకదు. గడువు తేదీ చూస్తాం. సూది స్టెరైల్, ఒక పిల్లకి ఒకటే, రెండో పిల్లకి అదే సూది అన్న మాటే లేదు.

అప్పుడు ఒకరు పిల్లని బల్ల మీద నిలబెట్టి గడ్డం కింద ఒక చెయ్యి, పొట్ట కింద ఒక చెయ్యి వేసి పట్టుకుంటారు. గట్టిగా నొక్కిపట్టడం కాదు, గింజుకోకుండా ఆపేటంత. ఇంటివాళ్ళు కొంచెం పెరుగు గానీ ఉడికించిన చికెన్ ముక్క గానీ మూతి దగ్గర పెడతారు, పిల్ల దాని ధ్యాసలో పడిపోతుంది. రెండు జబ్బల మధ్య, నడిమిగీత మీద చర్మాన్ని రెండు వేళ్ళతో బాగా పైకి లేపితే దాని కింద ఖాళీ ఏర్పడుతుంది. అక్కడ స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, సూది మొన తెరిచిన వైపు పైకి ఉండేలా, తల వైపు నుంచి తోక వైపుకి, ఏటవాలుగా ఆ ఖాళీలోకి పంపాలి. నిలువుగా కిందికి ఎప్పుడూ గుచ్చకూడదు. సూది చర్మం కిందే ఉందా, రెండో పక్క నుంచి బయటికి రాలేదు కదా అని వేలితో చూసుకున్నాకే మీట నొక్కాలి. సూది తీశాక ఆ రంధ్రం మీద దూదితో అరనిమిషం, నిమిషం నొక్కి ఉంచాలి, లేకపోతే చిప్ వచ్చిన దారినే జారి బయటపడి నేల మీద ఎక్కడో ఉంటుంది, మనం మాత్రం లోపల ఉందనుకుంటాం. మళ్ళీ స్కాన్. బీప్ విన్నాకే, నంబరు కలిశాకే కార్డు మీద స్టిక్కర్. ఒక పిల్ల పని పూర్తయి కార్డు చేతికిచ్చాకే రెండో పిల్లని బల్ల ఎక్కిస్తాం. అంతే, మత్తు ఇంజెక్షన్ అవసరం లేదు. పిల్ల ఒకసారి కుయ్యిమంటుంది, కొన్ని అదీ చెయ్యవు, పెరుగు నాకుతూనే ఉంటాయి.

బొమ్మలాంటి బుల్లి జాతులు, చివావా, యార్కీ, చిన్న పోమ్ లాంటివి, ఎనిమిది వారాలకి కూడా అరచేతిలో పట్టేంతే ఉంటాయి. వాటికి 8 మిల్లీమీటర్ల పొడవు, 1.4 మిల్లీమీటర్ల మందం ఉండే మినీ చిప్‌లు వస్తున్నాయి, సూది కూడా సన్నం. అది దొరక్కపోతే ఆగడమే మంచిది. మూడు నెలలకి ఎలాగూ రేబీస్ టీకాకి వస్తారు కదా, ఆ రోజు ముందు చిప్, తర్వాత టీకా. లేదా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి మత్తిచ్చినప్పుడు వేయిద్దామన్నా సరే. తొందరపడి చేయాల్సిన పనేమీ కాదిది.

ఇంటికెళ్ళాక రెండు మూడు రోజులు స్నానం వద్దు, ఆ చోట నిమరడం, నలపడం వద్దు, జబ్బల మీదుగా బిగించే హార్నెస్ వద్దు. ఇంట్లో చిన్న పిల్లలుంటే వాళ్ళకి ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి, చిప్ ఎక్కడుందో వేలితో వెతకడం వాళ్ళకి మహా సరదా. చర్మం కింద కణజాలం చిప్‌ని పట్టుకుని కదలకుండా చేయడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోపు నలిపితే పక్కకి జరుగుతుంది. చిన్న బొడిపెలా తగలడం మామూలే. చీము, వాపు పెరగడం, కుంటడం, ముఖ్యంగా వెనక కాళ్ళు తడబడటం కనిపిస్తే మాత్రం అదే రోజు డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. క్యాన్సర్ వస్తుందట కదా అని కూడా అడుగుతుంటారు. ఆ భయం చాలావరకు ప్రయోగశాల ఎలుకల్లో కనిపించిన గడ్డల నుంచి వచ్చింది. కుక్కల్లో చిప్ దగ్గర గడ్డ వచ్చినట్టు నమోదైన కేసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత, ప్రపంచమంతా చిప్ ఉన్న కుక్కలు కోట్లలో ఉంటాయి. నాకు ఆ భయం లేదు, నా భయమంతా చేతకాని చేతుల గురించే.

ఇంతకీ చట్టం ఏమంటుంది? కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లోనే నియమాలు తెచ్చింది. బ్రీడర్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, చిప్ వేసి, టీకాలు వేసి, రికార్డు రాసి అమ్మాలి. అంటే నెల పిల్లని చిప్ వేసి మరీ అమ్ముతున్నామని గొప్పగా చెప్పుకునే వాళ్ళు ఒక నియమం పాటించినట్టు కనిపిస్తూ ఇంకోదాన్ని కాలరాస్తున్నారన్నమాట. తల్లి దగ్గర ఇంకా ఉండాల్సిన పిల్లలవి, ఆ వయసులో వేరుచేస్తే పార్వో వైరస్ లాంటివి సోకి ఎన్ని పోతున్నాయో మా బల్ల మీద చూస్తున్నాం. ఇంగ్లండ్‌లో 2016 ఏప్రిల్ 6 నుంచి ఎనిమిది వారాలు నిండేసరికి ప్రతి కుక్కకీ చిప్ ఉండాలన్నది చట్టం, కానీ పిల్ల ఆరోగ్యం బాగోలేదని డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే వాయిదా వేసుకోవచ్చు. చిప్ వేయడానికి శిక్షణ ఉండాలి. చిప్ పనిచేయకపోయినా, జారిపోయినా, వాపు వచ్చినా ప్రభుత్వానికి తెలియజేయాలి. ఈ చివరిది మన దగ్గర కూడా ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. నేను చూసిన ఆ పోమ్ పిల్ల సంగతి ఎవరికి రాయాలో నాకే దారి కనపడలేదు, ఎక్కడా నమోదు కాకుండానే పోయింది.

అమెరికాకో యూరప్‌కో వెళ్ళే మన పిల్లలు ఈ మధ్య కుక్కల్ని కూడా వెంట తీసుకెళ్తున్నారు, వాళ్ళకొక మాట. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలోకి వచ్చే కుక్కకి కనీసం ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి. మన దేశం రేబీస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి కాగితాలు ఇంకా ఎక్కువ. చిప్ పడిన తర్వాత వేసిన రేబీస్ టీకానే లెక్కలోకి వస్తుంది, టీకా ముందు, చిప్ తర్వాత అయితే మళ్ళీ టీకా వేయించుకోవాల్సిందే. యూరప్‌కీ అదే వరస, పైగా టీకా వేసిన 30 రోజులకి రక్తపరీక్ష, ఆ రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగడం. టికెట్ బుక్ చేసుకుని వారం ముందు మా దగ్గరికి వచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళని చూశాను, ఏమీ చేయలేకపోయాను. వీసా పని మొదలుపెట్టిన రోజే కుక్క కార్డు కూడా తీసి చూసుకోండి.

ఇక నంబరు సంగతి. చిప్ పడింది, నంబరు ఉంది, కానీ ఆ నంబరు పక్కన ఎవరి పేరు, ఎవరి ఫోన్ ఉంది? చాలామంది కార్డు చూస్తే బ్రీడర్ ఫోన్ ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. అమెరికాలో 53 షెల్టర్లలో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. తప్పిపోయి షెల్టరుకి చేరిన కుక్కల్లో మొత్తం మీద 21.9 శాతం ఇంటికి చేరితే, చిప్ ఉన్నవాటిలో 52.2 శాతం చేరాయి. ఎంత తేడా చూడండి. అయితే చిప్ ఉండి కూడా ఇల్లు చేరనివాటి విషయంలో ఎక్కువగా కనిపించిన కారణం ఫోన్ నంబరు తప్పు కావడమో, పనిచేయకపోవడమో. సిమ్ మార్చినప్పుడు బ్యాంకులో మార్పించుకుంటాం, గ్యాస్ ఏజెన్సీలో మార్పించుకుంటాం, కుక్క చిప్ రికార్డులో మాత్రం మార్చం. చిప్ కంపెనీ దగ్గర రిజిస్టర్ అయిందా, మీ పేరు మీదే ఉందా అన్నది వేయించిన రోజే క్లినిక్‌లో కూర్చుని సరిచూసుకుని రండి. ప్రతి ఏటా టీకాకి వెళ్ళినప్పుడు స్కాన్ చేయమని అడగండి, చిప్ పలుకుతోందో లేదో, ఎక్కడుందో తెలిసిపోతుంది. అందుకు డబ్బు అడిగే డాక్టరుని నేనింతవరకు చూడలేదు.

పల్లెల్లో ఆవు చెవికి, గేదె చెవికి పసుపు పచ్చ ట్యాగ్, 12 అంకెల నంబరు, ఆ నంబరు కొడితే ప్రభుత్వ పశువుల రికార్డు భారత్ పశుధన్‌లో దాని టీకాలు, ఈనిన వివరాలు. ఊరూరా తిరిగి ఇంత పని చేసిన పశుసంవర్ధక శాఖ మనదే కదా, మరి ఊళ్ళల్లో పెంపుడు కుక్కల చిప్ నంబర్లని మున్సిపల్ లైసెన్స్‌తో కలిపి ఒక్కచోట పెట్టడం కష్టం కాదు. ఇప్పుడు ఒక్కో కంపెనీ చిప్‌కి ఒక్కో వెబ్‌సైట్, దొరికిన కుక్క నంబరు పట్టుకుని ఎక్కడ వెతకాలో మాకే తెలియని పరిస్థితి.

కొనేవాళ్ళు మాత్రం అప్పటిదాకా ఆగక్కర్లేదు. డబ్బు చేతిలో పెట్టే ముందు పిల్ల మీద స్కానర్ పెట్టి చూపించమనండి, 15 అంకెలూ కార్డుతో కలిపి చదవండి, వేసిన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు కార్డు మీద ఉందో లేదో చూడండి. స్కానర్ లేదంటే పిల్లతో సహా దగ్గర్లోని క్లినిక్‌కి రమ్మనండి, రానంటే ఆ పిల్లని కొనకండి, ఎంత ముద్దుగా ఉన్నా సరే.

మున్సిపల్ అధికారులకి ఒక విన్నపం. కుక్కల్ని పట్టే బండిలో, వీధి కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే ఏబీసీ కేంద్రంలో ఒక్కో స్కానర్ ఉంచండి. వీధి కుక్కలకి ఆపరేషన్ అయినట్టు చెవి కత్తిరింపు గుర్తు ఉంటుంది, కానీ గేటు తీసి ఉంటే బయటికి పోయిన పెంపుడు కుక్క బండెక్కితే దాన్ని గుర్తుపట్టేది ఆ చిప్పే. కొన్ని వేల రూపాయల వస్తువు. లోపలికి వచ్చిన ప్రతి కుక్కనీ బోనులో పెట్టకముందే మెడ నుంచి మోచేతుల దాకా ఒకసారి స్కాన్ చేయమని సిబ్బందికి చెప్పండి. కావాలంటే ఎలా చేయాలో వచ్చి చూపించడానికి నేను సిద్ధం.

— ఒక పశువైద్యురాలు, హనుమకొండ